పోలీస్ హెలికాప్టర్ పైలట్ కావాలంటే: మెడికల్ పరీక్ష నుంచి మొదటి నైట్ డ్యూటీ దాకా

రాత్రిపూట ఒకేచోట గుండ్రంగా తిరుగుతున్న పోలీస్ హెలికాప్టర్‌ని చూసినప్పుడు, పైలట్ దొంగ కోసం కిందికి చూస్తూ ఉంటాడని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పని పక్క సీట్లో ఉన్న అబ్జర్వర్‌ది. వేడిని బట్టి చీకట్లోనూ మనుషుల్ని చూపించే థర్మల్ కెమెరా తిప్పేది, మ్యాప్ చూసేది, కింద కార్లలో ఉన్న పోలీసులకు దారి చెప్పేది అబ్జర్వరే. పైలట్ పట్టించుకునేవి వేరు. గాలి ఎటు నుంచి వీస్తోంది, ఇంధనం ఇంకా ఎంతసేపు వస్తుంది, కరెంటు తీగలు ఎక్కడున్నాయి, మబ్బు ఎంత కిందికి దిగింది, ఇంజన్ ఆగితే దిగడానికి ఖాళీ జాగా ఏది. పక్కవాళ్లు నిశ్చింతగా పని చేసుకునేలా మెషీన్‌ని నిలకడగా ఉంచాలి. అవసరమైతే ఆ పనిని సగంలో ఆపించి వెనక్కి తిప్పాలి. ఉద్యోగమంటే ఇదే.

ఈ సంగతి మొదటే చెప్పడానికి కారణం ఉంది. దొంగని వెంటాడటంలోని ఉత్సాహం కోసం ఇటు రావాలనుకునేవాళ్లకి అబ్జర్వర్ సీటే ఎక్కువ నచ్చుతుంది. అది కూడా గొప్ప ఉద్యోగమే, అక్కడికి చేరే దారి కూడా దీనికంటే చిన్నది. మీకు మెషీన్ అంటే, గాలి అంటే, లెక్కగా ఎగరడమంటే ఇష్టమైతే మాత్రం కింద చెప్పేవన్నీ మీ కోసమే.

ముందు ఏ దారో తేల్చుకోండి

పోలీస్ హెలికాప్టర్లు కొత్తవేమీ కావు. న్యూయార్క్ పోలీసులు 1948లోనే హెలికాప్టర్ వాడటం మొదలుపెట్టారు, లాస్ ఏంజెలెస్ పోలీసులు 1956లో. అప్పటి నుంచి ఒక్కో దేశం ఒక్కో పద్ధతి అలవాటు చేసుకుంది. వాటిని గమనిస్తే ముఖ్యంగా రెండు దారులు కనిపిస్తాయి.

ఒకటి, ముందు పోలీసు, తర్వాత పైలట్. అమెరికాలో చాలా శాఖల్లో ఇదే పద్ధతి. పోలీసు ఉద్యోగంలో చేరి, కొన్నేళ్లు వీధుల్లో గస్తీ డ్యూటీ చేసి, ఎయిర్ యూనిట్‌లో ఖాళీ వచ్చినప్పుడు దరఖాస్తు పెడతారు. తరచుగా మొదట అబ్జర్వర్‌గా తీసుకుంటారు, ఆ తర్వాత పైలట్‌గా తయారు చేస్తారు. కొన్ని శాఖలు ట్రైనింగ్ ఖర్చు తామే భరిస్తాయి, కొన్ని అప్పటికే లైసెన్సు ఉన్న పోలీసులనే తీసుకుంటాయి. జర్మనీలో కూడా పోలీస్ హెలికాప్టర్ నడిపేది పోలీసు అధికారులే.

రెండోది, ముందు పైలట్, తర్వాత పోలీస్ యూనిట్. ఇంగ్లండ్, వేల్స్‌లో 2012 నుంచి నేషనల్ పోలీస్ ఎయిర్ సర్వీస్ అనే ఉమ్మడి సంస్థ ఉంది. అక్కడ పైలట్లు పోలీసులు కారు, ఉద్యోగులుగా చేరిన సివిలియన్ పైలట్లు. వాళ్లతోపాటు ఎగిరే అబ్జర్వర్లు మాత్రం పోలీస్ వైపు నుంచి వస్తారు. ఇలాంటి ఉద్యోగాలకు సైన్యంలో హెలికాప్టర్ నడిపి వచ్చినవాళ్లు ఎక్కువగా పోటీ పడతారు, ఎందుకంటే రాత్రి ఎగరడం, కింది ఎత్తులో ఎగరడం, సిబ్బందితో కలిసి పనిచేయడం అన్నీ వాళ్లు అక్కడే నేర్చుకుని ఉంటారు.

మీరు చేయాల్సిన మొదటి పని చాలా చిన్నది. మీరు పనిచేయగలిగే అవకాశం ఉన్న యూనిట్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో ప్రతిదీ చివరిసారి ఇచ్చిన ఉద్యోగ ప్రకటన వెతికి చదవండి. పౌరసత్వం గురించి ఏం అడిగారు, పోలీసు సర్వీసు ఉండాలన్నారా, ఎన్ని గంటలు ఎగిరి ఉండాలన్నారు, అందులో రాత్రి గంటలు ఎన్ని, ఏ లైసెన్సు, వయసు పరిమితి ఉందా. ఇవి తెలియకుండా ట్రైనింగ్‌లో చేరడమంటే టికెట్ ఎక్కడికో చూసుకోకుండా రైలెక్కడమే. పౌరసత్వం విషయం మరీ ముఖ్యం. పోలీసు ఉద్యోగాలకు సొంత పౌరులనే తీసుకునే చోట్లు చాలా ఉన్నాయి. ఒక దేశంలో లైసెన్సు తీసుకుని ఇంకో దేశంలో పనిచేయాలంటే దాన్ని అక్కడి లైసెన్సుగా మార్చుకోవాలి, దానికి మళ్లీ పరీక్షలుంటాయి.

మొదటి దారిలో ఒక చిక్కుంది. పోలీసులో చేరినంత మాత్రాన ఎయిర్ యూనిట్‌కి పంపుతారన్న హామీ ఎవరూ ఇవ్వరు. యూనిట్లు చిన్నవి, అక్కడ చేరినవాళ్లు త్వరగా కదలరు. హెలికాప్టర్ ఎప్పటికీ దక్కకపోయినా పోలీసు పని చేస్తూ సంతోషంగా ఉండగలనని మీకు గట్టిగా అనిపిస్తేనే ఆ దారి పట్టండి. నన్నడిగితే, నేల మీద డ్యూటీని భరిస్తూ ఆకాశం కోసం ఎదురుచూసే మనిషి రెండింటికీ న్యాయం చేయలేడు.

డబ్బు కట్టే ముందు మెడికల్

చాలామంది ఇక్కడే వరస తప్పుతారు. స్కూల్లో ఫీజు కట్టి, నెలల తరబడి ఎగిరి, తీరా జీతానికి ఎగరడానికి కావాల్సిన కమర్షియల్ లైసెన్సు దగ్గరికి వచ్చాక మెడికల్‌లో ఆగిపోతారు. మీరు వరస మార్చండి. ముందుగా విమానయాన వైద్య పరీక్షలు చేసే అధికారం ఉన్న డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఉద్యోగానికి కావాల్సిన స్థాయి సర్టిఫికెట్‌కే పరీక్ష చేయించుకోండి. యూరప్ నిబంధనల్లో అది క్లాస్ 1. అమెరికాలో కమర్షియల్ పైలట్‌గా పనిచేయడానికి క్లాస్ 2 సరిపోతుంది.

కళ్లద్దాలుంటే పనికిరారన్న భయం అక్కర్లేదు. అద్దాలతో చూపు సరిగ్గా వస్తే చాలా సందర్భాల్లో అభ్యంతరం ఉండదు. రంగులు గుర్తుపట్టే పరీక్ష మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రాత్రిపూట ఎరుపు, ఆకుపచ్చ దీపాల తేడా తెలియడం మీద ప్రాణాలు ఆధారపడతాయి. ఫారంలో పాత జబ్బులు, వాడుతున్న మందులు, ఎప్పుడో తీసుకున్న మానసిక చికిత్స అన్నీ నిజంగా రాయండి. దాచింది తర్వాత బయటపడితే పోయేది ఆ సర్టిఫికెట్ ఒక్కటే కాదు. పోలీసు ఉద్యోగంలో నిజాయితీకి సంబంధించిన మచ్చ ఎప్పటికీ పోదు.

బరువు సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. ట్రైనింగ్‌లో ఎక్కువగా వాడే రాబిన్సన్ ఆర్22 అనే చిన్న హెలికాప్టర్‌లో ఒక్కో సీటుకి, దాని కింద పెట్టే సామానుతో కలిపి, పరిమితి 240 పౌండ్లు, అంటే సుమారు 109 కిలోలు. ఇద్దరు బరువైన మనుషులు ఎక్కితే ఇంధనం తగ్గించుకోవాల్సి వస్తుంది. తర్వాత పోలీస్ హెలికాప్టర్‌లో కూడా ఇదే లెక్క. కెమెరా, సెర్చ్‌లైట్, రేడియోలు, సిబ్బంది, వీటన్నిటి బరువు పోగా మిగిలినదే ఇంధనం.

స్కూలు ఎంచుకోవడం

ముందు ఒక ట్రయల్ ఫ్లైట్ తీసుకోండి. తల తిరుగుతుందా, శబ్దం భరించగలరా, చిన్న జాగాలో ఇరుక్కుని కూర్చోగలరా అన్నది అరగంటలో తెలిసిపోతుంది.

స్కూలు చూసేటప్పుడు ఎన్ని హెలికాప్టర్లున్నాయని కాక, ఈ రోజు ఎగరడానికి ఎన్ని సిద్ధంగా ఉన్నాయని అడగండి. హ్యాంగర్‌లోకి వెళ్లి చూడనిస్తారేమో అడగండి. అక్కడ చదువుతున్నవాళ్లతో ఇన్‌స్ట్రక్టర్ లేని చోట మాట్లాడండి. మొత్తం ఫీజు ఒకేసారి ముందుగా కట్టమంటే కట్టకండి, ఎంత డిస్కౌంట్ ఇస్తామన్నా సరే. ఎగిరినంత వరకు విడతలుగా కట్టడమే క్షేమం.

మొదటి లైసెన్సు: హోవర్, ఆటోరొటేషన్

ముందు వచ్చేది ప్రైవేట్ లైసెన్సు, అంటే జీతం తీసుకోకుండా ఎగరడానికి. దానికి అమెరికాలో కనీసం 40 గంటలు, యూరప్‌లో 45 గంటలు ఎగరాలి. అది కనీసం మాత్రమే. అంతకంటే ఎక్కువ పడితే దిగులు పడకండి, చాలామందికి పడుతుంది.

ఎడమ చేతిలో కలెక్టివ్, అది పైకి లాగితే హెలికాప్టర్ లేస్తుంది. కుడి చేతిలో సైక్లిక్, అది ఎటు వంచితే అటు వెళ్తుంది. కాళ్ల కింద పెడల్స్, అవి ముక్కుని తిప్పుతాయి. చెప్పడానికి ఇంతే. కానీ కలెక్టివ్ కొంచెం లాగగానే ముక్కు పక్కకి తిరుగుతుంది, దాన్ని పెడల్‌తో సరిచేయగానే మెషీన్ పక్కకి జరుగుతుంది, దాన్ని సైక్లిక్‌తో ఆపగానే ఎత్తు మారుతుంది. నేలకి కొద్ది అడుగుల ఎత్తులో కదలకుండా నిలబడటం, అంటే హోవర్, మొదటి కొన్ని గంటలు అసాధ్యం అనిపిస్తుంది. దానికి రెండు చిట్కాలు. చూపు ముక్కు ముందున్న గడ్డి మీద పెట్టకండి, దూరంగా ఉన్న చెట్టు మీదో హ్యాంగర్ మీదో పెట్టండి. చేతిని తొడ మీద ఆనించి, సైక్లిక్‌ని కదపడం మానేసి ఒత్తిడి ఇస్తున్నట్టుగా మాత్రమే వాడండి. ఒక రోజు, ఎందుకో తెలియకుండానే, అది నిలబడుతుంది. ఆ రోజు మీరు ఇంటికి నవ్వుకుంటూ వెళ్తారు.

ఇక ఆటోరొటేషన్. ఇంజన్ ఆగినా హెలికాప్టర్ రాయిలా పడదు. కలెక్టివ్‌ని వెంటనే కిందికి దించితే, కిందికి దిగుతున్నప్పుడు పైకి తోసుకొచ్చే గాలే రోటర్‌ని, అంటే పైన తిరిగే రెక్కల్ని, తిప్పుతూ ఉంటుంది. నేల దగ్గరికి వచ్చాక ముక్కు పైకెత్తి వేగం తగ్గించి, రోటర్‌లో మిగిలిన శక్తిని వాడుకుంటూ కలెక్టివ్ లాగి మెత్తగా దిగుతారు. ఇక్కడ కీలకం ఆ "వెంటనే" అన్న మాట. ఆర్22 లాంటి తేలికైన రోటర్ ఉన్న మెషీన్‌లో ఆలోచించడానికి టైమ్ ఉండదు, ఒకటి రెండు సెకన్లు ఆలస్యమైనా రోటర్ వేగం మళ్లీ తిరిగిరానంత పడిపోతుంది. అందుకే అమెరికాలో ఆర్22, ఆర్44 నడిపేవాళ్లకి ఈ ప్రమాదాల గురించి ప్రత్యేక శిక్షణ తప్పనిసరి చేశారు. పరీక్ష పాసయ్యాక కూడా నెలకోసారైనా ఇన్‌స్ట్రక్టర్‌తో ఆటోరొటేషన్లు చేయండి. పోలీస్ పనిలో మీరు ఎక్కువసేపు ఇళ్ల మీద, తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో ఉంటారు. ఇంజన్ ఆగితే అత్యంత కష్టమైన చోటు అదే.

కమర్షియల్ లైసెన్సు, ఆపైన గంటలు

కమర్షియల్ లైసెన్సుకి మామూలు దారిలో అమెరికాలో 150 గంటలు, యూరప్‌లో 185 గంటలు కనీసం. వయసు 18 నిండాలి. థియరీ పరీక్షల గురించి ఎక్కువ చెప్పను, కూర్చుని చదివితే పాసవుతారు. వాతావరణం సబ్జెక్టు మాత్రం మార్కుల కోసం చదవకండి.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. చేతిలో లైసెన్సు ఉంటుంది, పోలీస్ యూనిట్ మాత్రం వెయ్యి గంటలో, అంతకంటే ఎక్కువో అడుగుతుంది. ఈ మధ్య ఉన్న ఖాళీని చాలామంది ఇన్‌స్ట్రక్టర్లుగా పనిచేసి నింపుతారు. అమెరికాలో ఆర్22లో పాఠం చెప్పాలంటే హెలికాప్టర్‌లో కనీసం 200 గంటలు ఎగిరి ఉండాలన్న నియమం ఉంది, కాబట్టి లైసెన్సు వచ్చిన రోజే ఉద్యోగం దొరుకుతుందని లెక్క వేసుకోకండి. ఇన్‌స్ట్రక్టర్ పని నాకు అన్నిటికంటే మంచి బడి అనిపిస్తుంది. మీ విద్యార్థి ఏ క్షణంలో ఏ తప్పు చేస్తాడో ముందే పసిగట్టడం, చేతులు కంట్రోల్స్ దగ్గర పెట్టుకుని కూడా తొందరపడి లాక్కోకపోవడం, ఇవి తర్వాత సిబ్బందితో పనిచేసేటప్పుడు రోజూ పనికొస్తాయి.

టూర్ల ఫ్లైట్లు, కరెంటు లైన్లను తనిఖీ చేసే ఫ్లైట్లు, పొలాల మీద మందు చల్లడం, ఏరియల్ షూటింగ్ కూడా గంటలు ఇస్తాయి. కానీ గంటలన్నీ ఒకే విలువ కావు. పోలీస్ యూనిట్ మీ లాగ్‌బుక్ తెరిచినప్పుడు వెతికేవి: మీరే కెప్టెన్‌గా ఎగిరిన గంటలు, రాత్రి గంటలు, టర్బైన్ ఇంజన్ గంటలు, కింది ఎత్తులో పనిచేసిన గంటలు. పవర్ లైన్ తనిఖీ చేసిన పైలట్‌కి ఇక్కడ ఒక అదనపు లాభం ఉంటుంది, తీగల గురించి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. గాల్లోంచి తీగ కనపడదు, స్తంభం కనిపిస్తుంది. స్తంభం కనిపిస్తే తీగ ఉందనే లెక్క. లైన్ దాటేటప్పుడు రెండు స్తంభాల మధ్య నుంచి వెళ్లకుండా స్తంభం నెత్తి మీదుగా దాటాలి. ఈ అలవాటు మొదటి నెల నుంచే చేసుకోండి.

లాగ్‌బుక్‌లో ఒక్క నిమిషం కూడా కల్పించి రాయకండి. గంటలు త్వరగా నింపుకోవాలన్న ఆశ అందరికీ ఉంటుంది. పోలీసులు ఉద్యోగం ఇచ్చే ముందు హెలికాప్టర్ రికార్డులతో సరిపోల్చి చూడగలరని గుర్తుంచుకోండి.

మబ్బుల్లో ఎగరడం, రాత్రి ఎగరడం

యూనిట్ అడిగినా అడగకపోయినా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయట ఏమీ కనిపించకపోయినా మీటర్లు చూసి ఎగరడానికి ఇచ్చే అర్హత, తీసుకోండి. ఖర్చుతో కూడుకున్నదే. అయినా ఇది మీకోసం మీరు తీసుకునే అతి మంచి నిర్ణయం అవుతుంది.

కారణం చెప్తాను. మబ్బులోకి వెళ్లగానే చెవి లోపలి సమతూక వ్యవస్థ అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. మీరు తిరుగుతున్నా నేరుగా వెళ్తున్నట్టే అనిపిస్తుంది. 1954లో ఇలినాయ్ యూనివర్సిటీలో ఒక పరిశోధన చేశారు. మీటర్లు చూసి ఎగరడం రాని 20 మంది విమాన పైలట్లకు మబ్బులో ఉన్న పరిస్థితి కల్పిస్తే, సగటున 178 సెకన్లలో విమానం అదుపు తప్పింది. మూడు నిమిషాలు కూడా కాదు. విమానం తనంతట తాను కొంత స్థిరంగా ఉంటుంది. ఆటోపైలట్ లేని చిన్న హెలికాప్టర్‌కి ఆ సుగుణం లేదు.

రాత్రి గురించి. పోలీస్ యూనిట్లు నైట్ విజన్ గాగుల్స్ వాడతాయి. అవి చీకటిని పగలుగా మార్చేస్తాయన్న భ్రమ వద్దు. మామూలుగా కళ్లు రెండు వైపులా విశాలంగా చూస్తాయి, గాగుల్స్‌లో కనిపించేది సుమారు 40 డిగ్రీల మేర మాత్రమే, ఒక గొట్టంలోంచి చూస్తున్నట్టు. లోతు, దూరం తేలిగ్గా అంచనాకి దొరకవు. అందుకే తలని ఆపకుండా అటూ ఇటూ తిప్పుతూ చూడటం నేర్పిస్తారు. సన్నటి పొగమంచు పొరని గాగుల్స్ కొంతదూరం దాటించి చూపిస్తాయి, దాంతో మంచు చిక్కబడుతోందని మీకు ఆలస్యంగా తెలుస్తుంది. మధ్యమధ్యలో గాగుల్స్ కింద నుంచి మామూలు కళ్లతో దీపాలను చూడండి. దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తే తేమ పెరుగుతోందని అర్థం.

వెనక్కి తిరగడం నేర్చుకోండి

ఈ భాగం కోసమే నేను ఇదంతా రాస్తున్నాను. లైసెన్సులు, గంటలు, రేటింగులు ఎవరైనా చెప్తారు. పోలీస్ హెలికాప్టర్లు కూలిన ఘటనల దర్యాప్తు నివేదికలు మాత్రం ట్రైనింగ్ మొదలుపెట్టకముందే మీరే చదవాలి. ప్రమాదాలను దర్యాప్తు చేసే సంస్థలు, అమెరికాలో ఎన్‌టీఎస్‌బీ, బ్రిటన్‌లో ఏఏఐబీ, వాటిని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచుతాయి. చనిపోయినవాళ్లను తప్పుపట్టడానికి కాదు. వాళ్లు మంచి పైలట్లు, ఎవరినో కాపాడాలని వెళ్లినవాళ్లు. మనం వాళ్ల దగ్గర నేర్చుకుంటున్నాం.

2009 జూన్‌లో న్యూమెక్సికో రాష్ట్ర పోలీసు హెలికాప్టర్ శాంటా ఫే దగ్గరి కొండల్లో దారితప్పిన ఒక మహిళా హైకర్ కోసం వెళ్లింది. పైలట్ అప్పటికే తన షిఫ్ట్ చేసి ఉన్నాడు. ఆమె దొరికింది, హెలికాప్టర్ ఎక్కించుకున్నారు. చీకటి, గాలి, కమ్ముకున్న మబ్బు. ఆ కొండ మీద నుంచి లేచిన హెలికాప్టర్ కూలిపోయింది, పైలట్, హైకర్ చనిపోయారు, వెంట వెళ్లిన పోలీసు అధికారి బతికాడు. ఆ పరిస్థితిలో టేకాఫ్ చేయాలన్న నిర్ణయమే కారణమని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. క్షేమం కంటే పని పూర్తిచేయడానికే ఎక్కువ విలువిచ్చే వాతావరణం ఆ సంస్థలో ఉందని, అలసట కూడా తోడైందని చెప్పింది. 2013 మార్చిలో అలాస్కాలోని టాల్కీట్నా దగ్గర కూడా దాదాపు ఇదే కథ. మంచులో చిక్కుకున్న మనిషిని ఎక్కించుకుని రాత్రి తిరిగి వస్తూ, చెడుతున్న వాతావరణంలోకి వెళ్లి ముగ్గురూ చనిపోయారు.

ఈ రెండింటిలో ఉన్న ఒత్తిడిని మనసులో పెట్టుకోండి. అవతల ప్రాణాపాయంలో ఉన్న మనిషి. మీరు వెళ్లకపోతే ఎవరూ వెళ్లలేరు. ఈ మాట చెవిలో పడ్డాక వాతావరణ నివేదికని చూసే కళ్లే మారిపోతాయి. కొన్ని యూనిట్లలో దీనికి ఒక పద్ధతి ఉంది. పైలట్‌కి పిలుపు వచ్చినప్పుడు, ఎక్కడికి వెళ్లాలో మాత్రమే చెప్తారు, ఎవరికి ఏమైందో చెప్పరు. వాతావరణం చూసి వెళ్లగలమని అతను చెప్పాకే మిగతా వివరాలు. మీ యూనిట్‌లో ఆ పద్ధతి లేకపోతే మీకు మీరే ఏర్పాటు చేసుకోండి. మబ్బు ఇంత ఎత్తు కంటే తక్కువుంటే, కనుచూపు ఇంత దూరం కంటే తగ్గితే వెళ్లను అని అంకెలు ముందే, ప్రశాంతంగా ఉన్న రోజు, కాగితం మీద రాసుకోండి. పిలుపు వచ్చాక ఆ అంకెలతో బేరం పెట్టకండి. సిబ్బందిలో అందరూ సరే అంటేనే వెళ్లాలి, ఒక్కరు వద్దన్నా ఆగాలి. కారణం అక్కడికక్కడ అడగకూడదు.

2013 నవంబర్ 29 రాత్రి గ్లాస్గోలో జరిగింది వేరే రకం. స్కాట్లండ్ పోలీసుల ఈసీ135 హెలికాప్టర్ పని ముగించుకుని తిరిగి వస్తూ క్లూథా అనే పబ్ కప్పు మీద పడింది. లోపలున్న ముగ్గురు, పబ్‌లో ఏడుగురు, మొత్తం పదిమంది చనిపోయారు. ప్రధాన ట్యాంకులో ఇంధనం ఇంకా ఉంది. అక్కడి నుంచి ఇంజన్లకు అందించే చిన్న ట్యాంకుల్లోకి పంపే పంపులు ఆఫ్‌లో ఉన్నాయి. ఇంధనం తక్కువైందన్న హెచ్చరికలు ఐదుసార్లు వచ్చాయి. అనుభవజ్ఞుడైన పైలట్. ఈ నివేదిక చదివాక ప్రతి హెచ్చరిక దీపాన్నీ ఒకేలా చూడటం అలవాటవుతుంది. దీపం వెలిగితే చెక్‌లిస్ట్ తెరవాలి, చెక్‌లిస్ట్ పది నిమిషాల్లో దిగమంటే దిగాలి. దిగిన తర్వాత దీపానిదే తప్పని తేలినా నష్టం లేదు.

నాలుగోది గాలికి సంబంధించినది. 2017 ఆగస్టు 12న వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో రాష్ట్ర పోలీసుల బెల్ 407 హెలికాప్టర్ కూలి ఇద్దరు అధికారులు చనిపోయారు. వోర్టెక్స్ రింగ్ అనే స్థితిలోకి వెళ్లి అదుపు తప్పిందని దర్యాప్తులో తేలింది. వేగం లేకుండా ఉన్నచోటే నిమిషానికి 300 అడుగులకు మించి దిగుతూ, ఇంజన్ పవర్ వాడుతూ ఉంటే, రోటర్ కిందికి తోసిన గాలే చుట్టు తిరిగి మళ్లీ రోటర్ మీదికి వస్తుంది. అప్పుడు కలెక్టివ్ లాగిన కొద్దీ ఇంకా వేగంగా పడిపోతారు. సహజంగా చేయి చేసే పని అక్కడ తప్పు. ముక్కు ముందుకి వంచి వేగం తెచ్చుకోవాలి, లేదా స్విట్జర్లాండ్ పైలట్ క్లాడ్ వుయిషార్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో పక్కకి జారి బయటపడాలి. రెండూ తగినంత ఎత్తులో, ఇన్‌స్ట్రక్టర్‌తో, చేతికి వచ్చేదాకా చేయండి. షార్లట్స్‌విల్ పైలట్‌కి ఈ విషయంలో ఇటీవలి శిక్షణ లేదని దర్యాప్తు చెప్పింది.

పోలీస్ పనిలో ఇది ఎందుకు ముఖ్యమంటే, ఒక ఇంటి చుట్టూ గుండ్రంగా తిరుగుతున్నప్పుడు గాలి ఒక సగంలో ఎదురుగా, ఇంకో సగంలో వెనక నుంచి వస్తుంది. వెనక గాలి వచ్చినప్పుడు నేల వేగంగా కదులుతున్నట్టు కనిపిస్తుంది, దాంతో చేయి తెలియకుండానే వేగం తగ్గిస్తుంది. నేల మీద వేగం మామూలుగానే ఉంటుంది, గాలిలో వేగం మాత్రం దాదాపు పోతుంది. అబ్జర్వర్ "కొంచెం నెమ్మదిగా, కొంచెం దగ్గరగా" అంటూ ఉంటాడు. అప్పుడు చూడాల్సింది కిటికీ బయటి ఇల్లు కాదు, ఎయిర్‌స్పీడ్ మీటరు.

దరఖాస్తు, ఇంటర్వ్యూ

పోలీసు శాఖ మీ గతం మొత్తం తవ్వుతుంది. డ్రైవింగ్ చలాన్లు, అప్పులు, మత్తు పదార్థాలు, సోషల్ మీడియాలో రాసినవి, పాత ఉద్యోగాలు ఎందుకు వదిలారన్నది. చిన్న తప్పులున్నా చెప్పేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది, దాస్తే సర్దుకోదు.

ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది, మాటలు మారవచ్చు: "కింద పోలీసు అధికారి ప్రమాదంలో ఉన్నాడు, మీ ఇంధనం కనీస స్థాయికి వచ్చింది, పై అధికారి ఇంకో ఐదు నిమిషాలు ఉండమంటున్నాడు. ఏం చేస్తారు?" దీనికి ధైర్యం చూపించే జవాబు చెప్పాలని అనుకోకండి. తిరిగి వెళ్తున్నానని స్పష్టంగా చెప్తాను, దగ్గర్లో ఇంధనం దొరికే చోటు ఇదని చెప్తాను, ఇంకో హెలికాప్టర్‌నో డ్రోన్‌నో పిలిపించమంటాను, ఎంతసేపట్లో తిరిగి రాగలనో చెప్తాను. ఇలా వరసగా, టెన్షన్ పడకుండా చెప్పగలిగితే మీ గురించి వాళ్లకి కావాల్సింది తెలుస్తుంది.

ఫ్లైట్ టెస్ట్‌లో అద్భుతాలు చేయాలని చూడకండి. చెక్‌లిస్ట్ బయటికి చదవండి. తప్పు చేస్తే "ఎత్తు వంద అడుగులు తగ్గింది, సరిచేస్తున్నాను" అని చెప్పి సరిచేయండి. నోరు తెరవని పైలట్ పక్కన రాత్రంతా కూర్చోవడానికి ఏ అబ్జర్వరూ ఇష్టపడడు.

చేరిన మొదటి నెలలు

ఉద్యోగం వచ్చిన వెంటనే ఒంటరిగా బాధ్యత అప్పగించరు. ఆ యూనిట్ వాడే మెషీన్ మీద, అది హెచ్125 కావచ్చు, హెచ్135 కావచ్చు, బెల్ 407 కావచ్చు, టైప్ ట్రైనింగ్ ఉంటుంది. తర్వాత సీనియర్ పైలట్ పక్కన రాత్రులు గడుపుతారు.

అప్పుడు ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఎగరడం కాదు, వినడం. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఒక రేడియోలో, పోలీస్ కంట్రోల్ రూమ్ ఇంకోదాంట్లో, కింద కార్లు మరోదాంట్లో, పక్కనున్న అబ్జర్వర్ ఇంటర్‌కమ్‌లో, నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. ఎయిర్ ట్రాఫిక్ వాళ్ల గొంతు కాస్త పెద్దగా, మిగతావి చిన్నగా ఉండేలా వాల్యూమ్‌లు పెట్టుకోండి. మీకు అవసరం లేనివాటిని అబ్జర్వర్‌కి వదిలేయండి. డ్యూటీ లేని రోజుల్లో మీ యూనిట్ పరిధిలోని ప్రాంతాన్ని కారులో తిరిగి చూడండి. ఎత్తైన టవర్లు, క్రేన్లు, హైటెన్షన్ లైన్లు, రాత్రి దిగడానికి పనికొచ్చే మైదానాలు మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. క్రేన్లు ప్రతి వారం మారతాయి, ఆ జాబితాని షిఫ్ట్ మొదట్లో చూడాల్సిందే.

వీలైతే అబ్జర్వర్ సీట్లో కూడా కొన్ని రాత్రులు ఎగరండి. కెమెరా స్క్రీన్ మీద చెట్ల కింద దాక్కున్న మనిషి తెల్లటి చుక్కలా కనిపించి, హెలికాప్టర్ ఒక్క కుదుపు కుదిపితే ఎలా మాయమవుతాడో చూశాక, మీ చేతులు మెషీన్‌ని పట్టుకునే తీరే మారిపోతుంది.

షిఫ్ట్ ముగిశాక పది నిమిషాలు సిబ్బంది అంతా కూర్చుని ఆ రాత్రి ఏం జరిగిందో మాట్లాడుకోండి. ఎక్కడ మాట సరిగ్గా వినపడలేదు, ఎక్కడ గాలి ఇబ్బంది పెట్టింది, ఎవరికి ఎప్పుడు భయం వేసింది, అన్నీ. ఆ తర్వాత హెలికాప్టర్ చుట్టూ టార్చ్ వేసి ఒకసారి తిరిగి చూసి, తర్వాతి సిబ్బందికి ఎంత ఇంధనం కావాలో అడిగి నింపించి, మీ గాగుల్స్ పెట్టెలో పెట్టి, లాగ్‌బుక్‌లో ఆ రాత్రి గంటలు రాసుకుని ఇంటికి వెళ్లి పడుకోండి.